మధ్యలో యాభై ఆరు అక్షరాలు

పెద్దాయన పళ్ళసెట్టు తీసి, చనిపోయిన మనిషి ఫోటో మీద పెట్టాడు.

"పొద్దుట్నుంచీ చిగుళ్ళు సలుపుతున్నాయి," అన్నాడు బోసినోటితో. "కూర్చో."

ముంగి కూర్చోలేదు. ఖాళీగా ఉన్న కుర్చీ ఒక్కటే. దాని మీద ఎవరో తిని దులుపుకున్న బిస్కెట్ పొడి, పొడి చుట్టూ చీమలు. దేశాన్ని కాపాడే డిపార్ట్‌మెంట్ అది. ప్రస్తుతానికి చీమల్ని మాత్రం బాగానే కాపాడుతోంది.

ముంగి అసలు పేరు అక్కడ ఎవరికీ గుర్తులేదు. నోరు విప్పడు కాబట్టి ముంగి. పద్దెనిమిదేళ్ళ సర్వీసు, పదకొండు మిషన్లు, రెండు తూటా గాయాలు, ఒక్క ప్రమోషన్ లేదు.

"బూట్ ఫర్మ్‌వేర్ అంటే తెలుసా?" అడిగాడు పెద్దాయన.

"స్విచ్ వేయగానే ముందు లేచేది."

"అదే. కంప్యూటర్లో అన్నిటికంటే ముందు లేచి మిగతావాటిని లేపుతుంది. అది శత్రువు చేతిలో ఉంటే పైన ఎన్ని తాళాలు వేసినా దండగే. మన సర్వర్ల కంపెనీ ఇరవై ఏళ్ళుగా దాన్ని ఒక విదేశీ వెండర్ దగ్గర కొంటోంది. మూత బిగించిన డబ్బా. లోపల ఏముందో చూడనివ్వరు. మొన్న తెలిసింది ఏముందో."

"ఏముంది?"

"దొడ్డిదారి. దాంట్లోంచి ఒక ముఠా వచ్చిపోతోంది. మనం పెట్టిన కోడ్‌నేమ్ చెద." పెద్దాయన నోట్లోంచి జారిన తుంపర ఫైలు మీద పడింది. చొక్కా చేత్తో తుడిచాడు. "అందుకే కంపెనీ ఓపెన్ సోర్స్‌కి మారుతోంది. ప్రతి లైనూ బయటే ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా ఆ లైన్లతో తమ దగ్గరే ఫర్మ్‌వేర్ తయారుచేసి, అంటే బిల్డ్ చేసి, సరిచూసుకోవచ్చు. శుక్రవారం పదకొండింటికి మొదటి రిలీజ్ మీద డిజిటల్ సంతకం. సాయంత్రానికి పన్నెండు వేల ఆసుపత్రి సర్వర్లలోకి ఎక్కుతుంది. సంతకం పడ్డాక ఆ సర్వర్లు ఇంకోదాన్ని నమ్మవు. ఈలోగా చెద ఏదో చేస్తుంది. ఏమిటో కనిపెట్టి ఆపు."

ముంగి పళ్ళసెట్టు కింది ఫోటో వైపు చూశాడు. "ఈయన?"

"అక్కడి రిలీజ్ ఇంజినీరు. చాదస్తం అనేవాళ్ళట. రెండు వారాల కిందట సంతకాల గదిలో మంటలార్పే గ్యాస్ వదిలి ఊపిరాడక పోయాడు. కంపెనీ యాక్సిడెంట్ అని రాసుకుంది. వాడు చెద మనిషేనని, లోపలి గొడవల్లో వాళ్ళే లేపేశారని మన సోర్స్ చెప్పింది. ఆ మాట ఊరంతా పాకింది కూడా."

"ఎవరా సోర్స్?"

"నెమలి." ఆ పేరు పలికేటప్పుడు పెద్దాయన చిగుళ్ళు కూడా మెరిశాయి. "సెక్యూరిటీ ఆడిటర్‌గా మనమే పెట్టాం. చెద వాళ్ళేమో తమ మనిషనుకుంటున్నారు. నువ్వు 'ఫిల్టర్ ఎప్పుడు మార్చారు' అను. ఆమె 'పోయిన వానాకాలం' అంటుంది. నువ్వు ఏసీ మెకానిక్కువి."

*

ఏసీ మెకానిక్ ముఖం ఎవరూ చూడరు. నిచ్చెన చూసి పక్కకు తప్పుకుంటారు, అంతే. బుధవారం పొద్దున్న ముంగి ఆ ల్యాబ్‌లో పై పలక ఊడదీసి ఫిల్టర్ బయటికి లాగాడు. నూట ఇరవై మంది ఏడాది పాటు రాల్చిన వెంట్రుకలు, చర్మపు పొట్టు, దుమ్ము కలిసి బొంతలా అల్లుకుని వచ్చాయి. ఇంత తెలివైన వాళ్ళు ఇన్నాళ్ళూ దీన్ని పీల్చుకుంటూ బతికారు.

కింద చాదస్తం బల్ల అలాగే ఉంది. కప్పులో ఆయన సగం తాగిన కాఫీ మీద ఆకుపచ్చ బూజు. మానిటర్‌కి ఎవరో చీటీ అంటించారు: 'దయచేసి పూర్తిగా చదవండి'. దాటిపోయే ప్రతివాడూ దాన్ని చూసి నవ్వుతున్నాడు.

"వాడు పోయాక రిహార్సల్ రెండు నిమిషాల్లో తెగుతోంది బాబూ," అన్నాడొకడు, నోట్లో చూయింగ్ గమ్ తిప్పుతూ.

"దొంగవెధవ. పైకి ఎంత పద్ధతి!" ఇంకొకడు గమ్ తీసి చాదస్తం బల్ల అడుగున అంటించాడు.

ముంగి చూశాడు. ఆ బల్ల అడుగున అప్పటికే ఏడు ఉన్నాయి.

పదకొండింటికి సంతకాల గదిలో రిహార్సల్. ఇనుప తలుపు, కిటికీ లేదు, ఫోన్లు బయట. లోపల ఒకే ఒక్క కంప్యూటర్, దానికి బయటి లోకంతో ఏ తీగా లేదు. తలుపు మూసుకుంటే తెరవడానికి రెండు కార్డులు కావాలి. చాదస్తం చనిపోయిన రోజు ఆయన దగ్గర ఒకటే ఉంది. ముంగి నిచ్చెన ఎక్కి గ్యాస్ పైపు వెంట చూపు పోనిచ్చాడు. పాత తీగల మధ్య ఒక తీగకు కొత్త టేపు చుట్టి ఉంది. దాని చివర అగ్గిపెట్టె అంత రిసీవర్. యాక్సిడెంట్లకు రిసీవర్లు ఉండవు. దాన్ని కదపకుండా వదిలేశాడు.

కింద ముగ్గురు. ల్యాబ్ పెద్ద ఇంజినీరు, అందరూ తాత అంటారు. వెండర్ ఫర్మ్‌వేర్ వదిలించుకుందామని ఏడేళ్ళు పోరాడి, నెగ్గేసరికి జుట్టంతా నెరిసింది. రెండోవాడు డైరెక్టర్. పేజీ తిప్పాలన్నా, టచ్‌ప్యాడ్ తాకాలన్నా ముందు వేలు నాకుతాడు. మూడో మనిషి రాకముందే సెంటు వాసన వచ్చింది. ఎర్ర గోళ్ళు, సిల్కు స్కార్ఫు, నడకలో తొందర లేదు. నెమలి.

ఆమె సీలు వేసిన సంచి కత్తిరించి పెన్‌డ్రైవ్ తీసింది. అందులో సోమవారం బిల్డ్ చేసిన ఫర్మ్‌వేర్. కంప్యూటర్ దాని హ్యాష్ లెక్కకట్టి తెర మీద చూపించింది. అరవై నాలుగు అక్షరాల గుర్తు. ఫర్మ్‌వేర్‌లో ఒక్క చుక్క మారినా గుర్తంతా మారిపోతుంది. తాత చేతిలో కాగితం. అదే సోర్స్ కోడ్‌ను ఊరి అవతలి చివర వేరే సంస్థ తమ మిషన్లో విడిగా బిల్డ్ చేసి, తమకొచ్చిన హ్యాష్‌ను అచ్చేసి పంపింది. రెండూ ఒకటైతే దారిలో ఎవరి చెయ్యీ పడలేదని అర్థం.

"మూడు, ఎఫ్, తొమ్మిది, సున్నా," చదివాడు తాత.

"ఉంది," అన్నాడు డైరెక్టర్. "చివర?"

"బి, బి, ఏడు, రెండు."

"ఉంది. అయిపోయింది. చాయ్ తెప్పించండి."

నిచ్చెన మీద ముంగి చెయ్యి ఆగింది. చిన్నప్పుడు బడిలో పేరా మొదలూ చివరా అప్పజెప్పి మధ్యలోది మింగేసినవాడికి తొడపాశం పడేది. ఇక్కడ వాళ్ళకి చాయ్ వస్తోంది.

*

క్యాంటీన్‌లో నెమలి నారింజ ఒలుచుకుంటోంది. తొక్కలు పక్కవాడి కీబోర్డు మీద పడేస్తోంది.

"ఫిల్టర్ ఎప్పుడు మార్చారు మేడమ్?"

"పోయిన వానాకాలం." తలెత్తకుండానే పెదాలు కదిపింది. "కింద వంగి పెట్టె సర్దుకుంటున్నట్టు నటించు. విను. కొత్త ఫర్మ్‌వేర్లో ఒక్క ముక్క ఇంకా మూసిందే ఉంది. మెమరీని లేపే ముక్క, చిప్ కంపెనీ వాళ్ళది. చెద దాన్ని మారుస్తుంది. శుక్రవారం సరిగ్గా పదకొండింటికి పార్కింగ్‌లో బక్కపల్చటి మనిషి ఒకడు మార్చిన చిప్ తెచ్చిస్తాడు. నువ్వు అక్కడ ఉండాలి."

"చాదస్తం?"

"వాడా?" ముక్కు విరిచింది. "అలాంటి మనిషితో ఒక్క రోజు పనిచేసి చూడు, నీకే చంపాలనిపిస్తుంది."

నవ్వింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సెంటు సీసా తీసి మెడ దగ్గర చల్లుకుంది. బ్యాగ్‌లో అచ్చం అలాంటి సీసా ఇంకొకటి ఉంది. బుధవారం నాలుగుసార్లు, గురువారం ఐదుసార్లు చల్లుకుంది. రెండో సీసా ఒక్కసారీ ముట్టుకోలేదు. ముంగి రెండు రోజులూ చూశాడు. ఆ వాసన తలకెక్కి, ఒకసారి బయటికి పోయి గోడ పక్కన వాంతి చేసుకున్నాడు కూడా.

*

గురువారం మధ్యాహ్నం చాదస్తం ఇంటికి వెళ్ళాడు. రెండు గదులు. డిపార్ట్‌మెంట్ వాళ్ళు సోదా చేసి పోయిన తీరు నేల మీదే ఉంది. పరుపు చీల్చి దూది లాగారు. బియ్యం డబ్బా నట్టింట్లో బోర్లించి, బూట్లతో తొక్కి పోయారు. ఆయన భార్య ఆ బియ్యాన్ని చాటలో ఏరుకుంటూ కూర్చుంది.

"మీరూ వాళ్ళ మనిషేనా అన్నయ్యా?"

ముంగి అబద్ధం చెప్పలేకపోయాడు. "అవునమ్మా."

"అయితే ఇంకేం మిగిలింది చూడ్డానికి? ఆయన గడ్డం గీసుకునే బ్లేళ్ళు కూడా పట్టుకుపోయారు." ఒక రాయి తీసి పక్కన పెట్టింది. "దొంగట. పక్కింటావిడ కిటికీ మూసేసుకుంది. చిన్నప్పట్నుంచీ ఎరిగిన మా వదిన ఫోన్ ఎత్తడం లేదు."

"ఎలాంటి మనిషమ్మా?"

"విసుగు పుట్టించే మనిషి." ఆమె నవ్వబోయింది, కుదరలేదు. "మందు సీసా తెస్తే చీటీ మీది అక్షరాలన్నీ పైకి చదివి గానీ మూత తీసేవాడు కాదు. ఒకసారి నాకు నూట మూడు జ్వరం. ఈయన అక్కడ నిలబడి, తయారుచేసిన ఊరి పిన్‌కోడుతో సహా చదువుతున్నాడు. నేను తిట్టాను. 'మొదలూ చివరా చూసి మింగేవాళ్ళే పోతారే' అన్నాడు. ఆఫీసులోనూ అంతేనట. అరవయ్యో ఎన్నో అక్షరాలు, అందరూ ఎనిమిది చదివి వదిలేస్తే ఈయనొక్కడే మొత్తం చదివించేవాడట. అందుకే ఆ పేరు పెట్టారు."

ముంగి చేతిలోని మంచినీళ్ళ గ్లాసు పెదాల దగ్గరే ఆగిపోయింది.

చెద ఒక మనిషిని చంపిందంటే ఆ మనిషి దేనికో అడ్డం. ఆ ల్యాబ్‌లో మిగతావాళ్ళెవరూ చేయని పని ఈయన చేసేది ఒక్కటే. మధ్యలో యాభై ఆరు అక్షరాలు చదవడం. ఫర్మ్‌వేర్ చివర ఖాళీగా ఉండే చోట చెత్త నింపి, మార్చి మార్చి వందల కోట్లసార్లు హ్యాష్ లెక్కకడితే మొదటి నాలుగూ చివరి నాలుగూ కలిసే దొంగ హ్యాష్ ఒకటి తగులుతుంది. ఒక్క మధ్యాహ్నం పని. అరవై నాలుగూ కలపాలంటే లోకంలోని మిషన్లన్నీ కూడినా జన్మలు చాలవు. ముఠా ఏ తాళమూ పగలగొట్టక్కర్లేదు. అందరి బద్ధకం వాళ్ళ పక్షానే ఉంది. బద్ధకం లేని ఒక్కణ్ణి తీసేస్తే చాలు.

ఇక పెన్‌డ్రైవ్ మార్చాలి. దానికి సీలు వేసేదీ, బీరువాలో పెట్టేదీ, గదికి తెచ్చేదీ ఒకటే చెయ్యి. ఆ చేతికి ఎర్ర గోళ్ళు. సరిగ్గా పదకొండింటికి తనను పార్కింగ్‌లో ఉండమన్నదీ ఆ చేతి మనిషే.

"నాకు ఇంకేమీ అక్కర్లేదన్నయ్యా," అంటోంది ఆమె. "దొంగ కాదని ఒక్క కాగితం. ప్రభుత్వం సంతకంతో. ఆయనే ఉంటే దాన్ని పదిసార్లు చదివి గానీ నాకిచ్చేవాడు కాదు."

ముంగికి మాటివ్వడం చేతకాదు. వంగి నేల మీద మిగిలిన బియ్యం రెండు గుప్పిళ్ళు ఎత్తి చాటలో పోశాడు.

*

శుక్రవారం తొమ్మిదింటికి సంతకాల గది ఏసీలోంచి నీళ్ళు కారడం మొదలైంది. డ్రైన్ పైపులో గుడ్డపేలిక కుక్కింది ముంగే. మురుగు నీళ్ళు, నల్లగా, జిగటగా, సరిగ్గా డైరెక్టర్ కూర్చునే కుర్చీ మీద.

"ఛీ ఛీ! ఇవాళే కారాలా ఇది?" డైరెక్టర్ ముక్కు మూసుకున్నాడు. "వాయిదా వేయడం కుదరదు. సర్వర్లు ఎక్కించుకోడానికి లారీలు వచ్చి నిలబడ్డాయి. ఏయ్ ఏసీ, నువ్వు పైన పని చేసుకో. నోరెత్తావంటే ఊరుకోను."

"ఎత్తనండి," అన్నాడు ముంగి.

పదకొండుకి పది నిమిషాలు. తాత, డైరెక్టర్ వచ్చారు. నెమలి సీలు సంచితో వచ్చి, నిచ్చెన మీది మనిషిని చూసి ఒక్క క్షణం ఆగింది. ఇంకో క్షణంలో ముఖం మామూలైంది. తలుపు మూసుకుంది.

"అతన్ని బయటికి పంపండి," అంది.

"పంపితే మీ నెత్తి మీద కారుతుంది మేడమ్," అన్నాడు డైరెక్టర్. "కానివ్వండి, కానివ్వండి."

పెన్‌డ్రైవ్ ఎక్కింది. తెర మీద అరవై నాలుగు అక్షరాలు.

"మూడు, ఎఫ్, తొమ్మిది, సున్నా."

"ఉంది. చివర?"

"బి, బి, ఏడు, రెండు."

"ఉంది. కార్డులు పెట్టండి."

తాత కార్డు పెట్టాడు. డైరెక్టర్ కార్డు పెట్టాడు. తెర మీద 'సంతకం చేయాలా?' అని వచ్చింది. డైరెక్టర్ వేలు నాకి, ఎంటర్ మీదికి తెచ్చాడు.

"మధ్యలోది చదవండి," అన్నాడు ముంగి.

వేలు ఆగింది. ముగ్గురూ పైకి చూశారు.

"నోరెత్తొద్దన్నానా!" డైరెక్టర్ అరిచాడు. "స్క్రూలు బిగించుకునే వాడివి, నీకెందుకయ్యా ఇది?"

"తాతగారూ, మీరు చదవండి. ఐదో అక్షరం. చచ్చిపోయిన ఆ మనిషి ప్రతిసారీ చదివేవాడే, అది."

తాత ముఖంలో రక్తం ఇంకిపోయింది. కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఎనిమిది."

డైరెక్టర్ తెర చూశాడు. కాగితం వైపు తొంగిచూసి, మళ్ళీ తెర చూశాడు.

"ఏముందయ్యా అక్కడ?" తాత గద్దించాడు.

"డి."

"ఆరోది? నాది సున్నా."

"నాది... నాది ఏడు."

"చెయ్యి తీయ్!" తాత కార్డులు రెండూ ఒక్క గుంజు గుంజాడు. తెర మూగబోయింది.

నెమలి అప్పటికే పౌడర్ డబ్బా తెరిచింది. అద్దంలో చూసుకుంటున్నట్టే చూసుకుని, పఫ్ కింది మీట నొక్కింది. సైరన్ మోగింది. గోడ మీద ఎర్ర అంకెలు ముప్ఫై నుంచి దిగడం మొదలెట్టాయి. తాత చేతిలో ఉన్న రెండు కార్డులూ ఆమె ఒడుపుగా లాక్కుని ఒకటి విరిచేసింది.

"రెండు వారాల కిందట చాలా తేలిగ్గా అయిపోయింది," అంది. గొంతులో ఏ కోపమూ లేదు. అదే ముంగికి కంపరం పుట్టించింది. "తలుపు తెరిచేసరికి నేనొక్కదాన్నే మిగులుతాను. ఈ హ్యాష్ కాగితం నా దగ్గర పెట్టుకుని రేపు ఇంకో ఇంజినీరుతో సంతకం చేయించుకుంటాను. ప్రమాదం మళ్ళీ జరిగిందంటారు."

బ్యాగ్‌లోంచి రెండో సీసా తీసింది. మూత తిప్పి ముక్కుకి పెట్టుకుంది. అందులో సెంటు లేదు, ఆక్సిజన్. డైరెక్టర్ నేల మీద కూలబడి అమ్మా అని ఏడుస్తున్నాడు. కారిన మురుగులోనే కూర్చున్నాడు.

మూడు. రెండు. ఒకటి.

సైరన్ ఆగింది. పైపులోంచి చిన్న తుస్సు కూడా రాలేదు. ముగ్గురు మగవాళ్ళు మామూలుగా గాలి పీలుస్తూ ఆమె వైపు చూస్తున్నారు. ఆమె ఒక్కతే సీసా ముక్కుకి నొక్కుకుని నిలబడి ఉంది.

"వాల్వ్ పొద్దున్నే కట్టేశాను," అన్నాడు ముంగి, నిచ్చెన దిగుతూ. చేతిలో పానా ఉంది. "మెకానిక్కుని కదా."

ఆమె తలుపు వైపు కదిలింది. తలుపుకి రెండు కార్డులు కావాలి. ఒకటి రెండు ముక్కలై ఆమె కాళ్ళ దగ్గరే పడుంది.

"కూర్చోండి మేడమ్," కుర్చీ చూపించాడు. "బయటి వాళ్ళు తలుపు కోసేసరికి అరగంట పడుతుంది. మీ సెంటుతో మేమూ ఉండాలి, తప్పదు."

*

తలుపు కోశాక తాత ఎవరితోనూ మాట్లాడలేదు. తిన్నగా ల్యాబ్‌కి పోయి, అందరికీ కనిపించే ఆ సోర్స్ కోడ్‌నే మళ్ళీ మొదట్నుంచీ బిల్డ్ చేశాడు. కొత్త కార్డు తెప్పించి, నిలబడి, అరవై నాలుగు అక్షరాలూ గట్టిగా చదివాడు. నాలుగు నిమిషాలు పట్టింది. అరవై నాలుగూ కలిశాయి. సంతకం పడింది. లారీలు కదిలాయి.

"మూసిన డబ్బా అయ్యుంటే ఇది జన్మలో తెలిసేది కాదు," అన్నాడు ముంగితో. తర్వాత చాదస్తం బల్ల దగ్గరికి పోయి బూజు కప్పు తీసుకుని కడగడానికి వెళ్ళాడు. గమ్ అంటించిన కుర్రాడు ఆ బల్ల దరిదాపుల్లోకి రాలేదు. డైరెక్టర్ మాత్రం ప్యాంటు మార్చుకుని వచ్చి అడిగాడు: "ప్రతిసారీ నాలుగు నిమిషాలంటే కష్టం. పదహారు చదివితే సరిపోదా?"

*

పెద్దాయన మొత్తం విని పెదవి విరిచాడు.

"నెమలి ఆరోగ్యం బాగాలేక రాజీనామా చేసిందని రాయి. రెండేళ్ళు మన మనిషే మనల్ని ఏమార్చిందంటే మన పరువేం కాను?"

"చాదస్తం?"

"ఆ మాట కదపకు. చెద మనిషనే ఉండనీ. చచ్చినవాడికి పేరుతో ఏం పని?"

"ఆయన భార్య ఉంది."

"ఉంటే ఉంది. రిపోర్ట్ వివరంగా రాయి, పైకి పంపాలి."

ముంగికి ఆ గదిలో ఇంకాసేపు ఉంటే తన చొక్కాకీ ఆ జిడ్డు అంటుకుంటుందనిపించింది. వెళ్ళి రెండు వేళ్ళతో టైప్ చేశాడు. తొమ్మిది పేజీలు. తెచ్చి బల్ల మీద పెట్టాడు.

పెద్దాయన పళ్ళసెట్టు తీసి పక్కన పెట్టాడు. మొదటి నాలుగు లైన్లు చదివాడు. మొత్తం కట్ట ఎత్తి తిరగేసి, చివరి నాలుగు లైన్లు చదివాడు. "అద్భుతం," అన్నాడు. సంతకం చేశాడు. ముద్ర గుద్దాడు.

డిస్పాచ్ గుమాస్తా ఐదో పేజీ మధ్యలో ఆగి, కళ్ళజోడు సరిచేసుకుని మళ్ళీ చదివాడు: 'మరణించిన రిలీజ్ ఇంజినీరు నిర్దోషి. విధి నిర్వహణలో శత్రువు చేతిలో హతుడయ్యాడు. ఆయనను దొంగ అన్నందుకు ఈ డిపార్ట్‌మెంట్ క్షమాపణ కోరుతోంది. సంతకమైన ఈ ప్రతిని వెంటనే ఆయన భార్యకు పంపవలెను.'

"ఇది పెద్దాయన చదివే సంతకం పెట్టారా?" అడిగాడు గుమాస్తా, కవరుకి జిగురు రాస్తూ.

"మొదటి నాలుగు, చివరి నాలుగు," అన్నాడు ముంగి. "ఇంత బద్ధకస్తుడు పైన ఉండబట్టే ఈ ఆఫీసులో అప్పుడప్పుడూ న్యాయం జరుగుతోంది."